సూదీ దారం చెప్పిన చరిత్ర: కైస్కమా బలిపీఠ ఫలకాలు



చరిత్రకు ఆధారాలు ఏవి అని అడిగితే మీరు వెంటనే శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, విదేశీ యాత్రికుల రచనలు, ప్రభుత్వ దస్తావేజులు అని చెబుతారు. పాఠ్యపుస్తకాలలో ఉన్న జాబితా అది. సరైనదే. కాని అందులో ఉన్నవన్నీ దాదాపుగా రాయగలిగినవారు, రాయించగలిగినవారు మిగిల్చి వెళ్లినవి. చదువు, డబ్బు, అధికారం లేనివారు తమ కాలాన్ని గురించి ఏమనుకున్నారో తెలుసుకోవాలంటే ఎక్కడ వెతకాలి?

ఈ పాఠంలో అటువంటి ఒక ఆధారాన్ని పరిశీలిద్దాం. అది పుస్తకం కాదు, రాతి మీద చెక్కినదీ కాదు. గుడ్డ, దారం, పూసలు, తీగ, చెక్క, ఛాయాచిత్రాలు కలిపి 130 మందికి పైగా శ్రమించి తయారు చేసిన ఒక పెద్ద కళాఖండం. దాని పేరు కైస్కమా ఆల్టర్‌పీస్. ఆల్టర్‌పీస్ అంటే క్రైస్తవ దేవాలయంలో బలిపీఠం వెనుక నిలబెట్టే చిత్రఫలకం. కాబట్టి దీనిని మనం కైస్కమా బలిపీఠ ఫలకాలు అనుకుందాం. 2005లో దక్షిణాఫ్రికాలోని ఒక చిన్న ఊరిలో ఇది రూపుదిద్దుకుంది.

వేరువేరు పదార్థాలను, వేరువేరు పనితనాలను ఒకచోట కూర్చి చేసే ఇటువంటి కళను మిశ్రమ మాధ్యమ కళ అంటారు. పేరు కొత్తగా ఉన్నా ఆలోచన మనకు కొత్తది కాదు. పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి కుట్టిన బొంత మీలో చాలామంది ఇళ్లలో ఉండే ఉంటుంది. ఏ ముక్క ఎవరి చీరలోదో, ఏ పండుగకు కొన్నదో ఇంట్లోని పెద్దవాళ్లు చెప్పగలరు. కప్పుకోవడానికి కుట్టిన బొంత తెలియకుండానే ఆ ఇంటి చరిత్ర అయిపోతుంది. ఇప్పుడు ఒక ఊరు ఊరంతా కూర్చుని, తమకు వచ్చిన కష్టాన్ని గురించి తెలిసి తెలిసి అటువంటి పని చేస్తే ఎలా ఉంటుందో ఊహించండి.

హాంబర్గ్ అనే ఊరు

దక్షిణాఫ్రికా ఆగ్నేయ తీరంలో ఈస్టర్న్ కేప్ అనే రాష్ట్రం ఉంది. ఖోసా ప్రజల నేల అది. నెల్సన్ మండేలా పుట్టింది ఆ రాష్ట్రంలోనే. అక్కడ కైస్కమా నది హిందూ మహాసముద్రంలో కలిసే చోట హాంబర్గ్ అనే ఊరు ఉంది. 19వ శతాబ్దం మధ్యలో అక్కడ దిగిన జర్మన్ వలసదారుల వల్ల దానికి ఆ పేరు వచ్చింది.

ఈ ప్రాంత చరిత్ర తెలియకుండా కళాఖండం అర్థం కాదు. 1779 నుంచి 1879 దాకా, సరిగ్గా నూరేళ్లలో, వలసవాదులకూ ఖోసా ప్రజలకూ మధ్య తొమ్మిది సరిహద్దు యుద్ధాలు జరిగాయి. తరువాత వర్ణవివక్ష ప్రభుత్వం నల్లజాతివారిని కొన్ని పరిమిత ప్రాంతాలకు నెట్టి, వాటికి స్వదేశాలు అని పేరు పెట్టింది. హాంబర్గ్ అటువంటి సిస్కై అనే ప్రాంతంలో ఉండేది. 1981లో సిస్కైకి స్వాతంత్ర్యం ఇచ్చినట్టు ప్రకటించారు కాని దక్షిణాఫ్రికా తప్ప ఏ దేశమూ దానిని గుర్తించలేదు. 1994లో ప్రజాస్వామ్యం వచ్చాక అది తిరిగి దేశంలో కలిసింది. ఓటు హక్కు వచ్చింది కాని ఉపాధి రాలేదు. మగవారు గనులకూ నగరాలకూ వలస వెళ్లారు. ఆడవారు, ముసలివారు, పిల్లలు ఊరిలో మిగిలారు.

2000లో కేరొల్ హోఫ్‌మైర్ అనే ఆమె ఈ ఊరికి వచ్చి స్థిరపడింది. ఆమె వైద్యురాలు, చిత్రకళ కూడా చదువుకుంది. ఊరి స్త్రీలకు కొంత ఆదాయం ఉండాలని కుట్టుపని నేర్పించే ప్రయత్నం మొదలుపెట్టింది. అదే కైస్కమా ఆర్ట్ ప్రాజెక్ట్. ఆ స్త్రీలు చేసిన మొదటి పెద్ద పని కైస్కమా టాపెస్ట్రీ, 120 మీటర్ల పొడవున్న కుట్టుచిత్రం. 1066లో ఇంగ్లండు మీద జరిగిన దండయాత్రను చూపే బాయో కుట్టుచిత్రం దానికి ప్రేరణ. అది గెలిచినవారి కథ. హాంబర్గ్ స్త్రీలు తమ ప్రాంత చరిత్రను, యుద్ధాలనూ పశువుల నష్టాన్నీ భూమి పోగొట్టుకోవడాన్నీ, 1994 ఎన్నికల దాకా కుట్టారు. ఓడినవారి వైపు నుంచి చెప్పిన కథ అది. ఆ కుట్టుచిత్రం కేప్‌టౌన్‌లోని పార్లమెంటు భవనానికి చేరింది.

అంటే 2005 నాటికి ఈ స్త్రీలకు సూదితో చరిత్ర చెప్పడం అలవాటయింది. ఈసారి వారు చెప్పవలసింది పూర్వుల కథ కాదు, తమ ఇళ్లలో అప్పుడే జరుగుతున్న కథ.

మాట్లాడకూడని జబ్బు

ఆ కాలం ఎటువంటిదో చూద్దాం. 2005 నాటికి దక్షిణాఫ్రికాలో హెచ్‌ఐవి సోకినవారు 50 లక్షలకు పైగా ఉన్నారు. 1996 నుంచే ప్రపంచంలో మంచి మందులు ఉన్నాయి. రెండు మూడు మందులు కలిపి రోజూ వాడితే వైరస్ అదుపులో ఉంటుంది, మనిషి మామూలుగా బతకగలడు. కాని ఆ మందులకు ఒక రోగికి ఏడాదికి 10,000 డాలర్లకు పైగా ఖర్చయ్యేది. పేద దేశాలలో అంత డబ్బు పెట్టగలవారు ఎందరు?

డబ్బు ఒక్కటే అడ్డంకి కాదు. 1999 నుంచి 2008 దాకా అధ్యక్షుడిగా ఉన్న థాబో ఎంబెకి హెచ్‌ఐవి వల్లనే ఎయిడ్స్ వస్తుందన్న శాస్త్రీయ సత్యాన్ని బహిరంగంగా సందేహించాడు. ఆయన ఆరోగ్యమంత్రి వెల్లుల్లి, బీట్‌రూట్, నిమ్మకాయ తినమని సలహా ఇచ్చింది. గర్భిణి నుంచి బిడ్డకు వైరస్ సోకకుండా చేసే నెవిరపిన్ అనే మందును ప్రభుత్వ ఆసుపత్రులలో ఇవ్వాలని పౌర సంఘాలు కోర్టుకెక్కవలసి వచ్చింది. 2002 జూలైలో రాజ్యాంగ న్యాయస్థానం వారి పక్షాన తీర్పు ఇచ్చింది. ఈ జాప్యం వల్ల 2000 నుంచి 2005 మధ్య 3,30,000 మందికి పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు 2008లో అంచనా వేశారు.

పల్లెలలో ఇంకొక అడ్డంకి ఉండేది, సిగ్గు. చనిపోయినవారికి ఏ జబ్బు అని అడిగితే క్షయ అనో న్యుమోనియా అనో చెప్పి ఊరుకునేవారు. 2005 జనవరిలో మండేలా కుమారుడు మఖాథో చనిపోయాడు. తన కుమారుడు ఎయిడ్స్‌తో మరణించాడని, ఈ జబ్బును దాచిపెట్టవద్దని మండేలా స్వయంగా పత్రికలవారిని పిలిచి చెప్పాడు. దేశపు మాజీ అధ్యక్షుడు తన ఇంటి దుఃఖాన్ని అలా చెప్పడం పెద్ద వార్త అయిందంటే, మామూలు ఇళ్లలో ఎంత మౌనం ఉండేదో మీరే ఊహించవచ్చు. హాంబర్గ్‌లో బలిపీఠ ఫలకాల పని జరిగింది ఆ ఏడాది మొదటి సగంలోనే.

ఐదు వందల ఏళ్ల నాటి నమూనా

ఈ కళాఖండానికి నమూనా ఇసెన్‌హైమ్ బలిపీఠ ఫలకాలు. ఇవి ఇప్పుడు ఫ్రాన్సులోని కోల్మార్ పట్టణంలో ఉంటర్‌లిండెన్ మ్యూజియంలో ఉన్నాయి. 1512, 1516 సంవత్సరాల మధ్య మథియాస్ గ్రూనెవాల్డ్ అనే జర్మన్ చిత్రకారుడు ఆ చిత్రాలు వేశాడు. ఇసెన్‌హైమ్‌లోని సెయింట్ ఆంథొని సంఘపు మఠం కోసం వేసినవి అవి.

అది పూజలు మాత్రమే జరిగే మఠం కాదు; రోగులను చేర్చుకునే ఆసుపత్రి కూడా. ఆ రోజులలో ఐరోపాలో సెయింట్ ఆంథొని మంట అనే భయంకరమైన వ్యాధి ఉండేది. ఒళ్లంతా మంటలు, పుళ్లు, వేళ్లు కుళ్లి రాలిపోవడం దాని లక్షణాలు. రై అనే ధాన్యానికి పట్టే ఒక బూజు దానికి కారణమని తరువాతి కాలంలో తెలిసింది. మంచి ధాన్యం దొరకక, బూజు పట్టిన ధాన్యంతో రొట్టె చేసుకునే పేదలకే అది ఎక్కువగా వచ్చేది. గ్రూనెవాల్డ్ తన ఫలకంలో సిలువ మీది క్రీస్తు శరీరాన్ని పుళ్లతో, ముళ్లతో, పచ్చబడిన చర్మంతో చిత్రించాడు. మఠానికి వచ్చిన రోగి ఆ బొమ్మలో తన ఒంటి మీది పుళ్లను చూసేవాడు. దేవుడు కూడా తనలాగే బాధపడ్డాడన్న ఓదార్పు అది.

ఆ ఫలకాలకు తలుపు రెక్కల వంటి రెక్కలు ఉండేవి. మూసినప్పుడు ఒక దృశ్యం, ఒకసారి తెరిస్తే రెండోది, మళ్లీ తెరిస్తే మూడోది. మామూలు రోజులలో దుఃఖ దృశ్యం, పండుగ రోజులలో వెలుగు దృశ్యం చూపేవారు.

మందు లేని వ్యాధి, దిక్కులేని రోగులు, ఓదార్పునిచ్చే చిత్రం. ఇసెన్‌హైమ్ కథలో హోఫ్‌మైర్‌కు హాంబర్గ్ కనిపించింది. అదే కొలతలలో, అదే రెక్కల పద్ధతిలో తమ ఊరి ఫలకాలు తయారు చేద్దామన్న ఆలోచన అలా పుట్టింది. పూర్తిగా తెరిచినప్పుడు ఇవి సుమారు 4 మీటర్ల ఎత్తు, దాదాపు 7 మీటర్ల వెడల్పు ఉంటాయి.

మొదటి దృశ్యం: మిగిలినవారు

రెక్కలు మూసి ఉన్నప్పుడు కనిపించే దృశ్యం ముందుగా చూద్దాం. గ్రూనెవాల్డ్ చిత్రంలో మధ్యన సిలువ వేసిన క్రీస్తు ఉంటాడు. హాంబర్గ్ ఫలకంలో సిలువ ముందు ఒక వితంతువు నిలబడి ఉంటుంది. ఆమె ఖోసా స్త్రీలు భర్త పోయినప్పుడు ధరించే దుస్తులలో ఉంటుంది. చుట్టూ తల్లిదండ్రులు పోయిన పిల్లలు, వారిని సాకే ముసలివారు.

ఈ మార్పును జాగ్రత్తగా గమనించండి. చనిపోయిన వ్యక్తి మధ్యలో లేడు. చావు తరువాత మిగిలిన మనిషి ఉంది. మృతుల సంఖ్య ప్రభుత్వ లెక్కలలో దొరుకుతుంది. మిగిలినవారి బతుకు ఏ లెక్కలోనూ ఉండదు. ఆ స్త్రీలు కుట్టింది దానిని.

పక్క రెక్కల మీద గ్రూనెవాల్డ్ ఇద్దరు పునీతులను, సెయింట్ సెబాస్టియన్‌నూ సెయింట్ ఆంథొనినీ చిత్రించాడు. హాంబర్గ్ స్త్రీలు ఆ స్థానాలలో తమ ఊరి వృద్ధురాళ్లను ఇద్దరిని నిలబెట్టారు. కింది పట్టీలో, క్రీస్తును సమాధి చేసే దృశ్యానికి బదులు, ఎయిడ్స్‌తో మరణించిన ఒక యువకుడి అంత్యక్రియలు కుట్టారు. అతని తల్లి పైన రెక్క మీద ఉన్న వృద్ధురాళ్లలో ఒకరు. కొడుకు చావుకు కారణం ఇది అని ఊరంతా చూసేలా గుడ్డ మీదికి రావడానికి ఒక తల్లి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఊరిలో ఎవరూ పైకి చెప్పని మాట అలా ఊరి మధ్యకు వచ్చింది.

రెండో దృశ్యం: కావాలనుకున్న ఊరు

మొదటి రెక్కలు తెరిస్తే రంగులు మారిపోతాయి. పెద్ద చెట్టు, దాని నిండా పక్షులు, చేపలు, పశువులు, పాటలు పాడే సమూహాలు, ఆరాధన చేసే జనం కనిపిస్తారు. ఇక్కడ క్రైస్తవ విశ్వాసమూ ఖోసాల పూర్వుల ఆరాధనా ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. రెంటిలో ఒకటి ఎంచుకొమ్మని ఆ గుడ్డ ఎవరినీ అడగదు.

గ్రూనెవాల్డ్ క్రీస్తు పునరుత్థానాన్ని చిత్రించిన చోట హాంబర్గ్ స్త్రీలు తమ ఊరి మనిషినే ఒకరిని కుట్టారు. ఆయన సముద్రతీరపు ఇసుక దిబ్బల మీద పరిగెత్తుతూ, కాళ్లతో ఇసుకలో ఆకృతులు గీసేవాడు. అది ఆయన చేసే ప్రార్థన. గాలి వీస్తే ఆ గీతలు చెరిగిపోతాయి, ఆయన మళ్లీ గీస్తాడు. రోజూ తెల్లవారి వాకిట్లో ముగ్గు వేసే ఇళ్ల నుంచి వచ్చిన మీకు ఈ సంగతి వింతగా అనిపించదు. చెరిగిపోయిందని ముగ్గు వ్యర్థం కాదు. మర్నాడు మళ్లీ వేయడంలోనే దాని అర్థం ఉంది.

ఇది జరిగిన సంగతుల చిత్రం కాదు, జరగాలని కోరుకున్న సంగతుల చిత్రం. చరిత్రకారుడికి ఇది కూడా ఆధారమే. ఒక కాలపు మనుషులకు దేని మీద ఆశ ఉండేదో తెలియకపోతే ఆ కాలం మనకు సగమే తెలిసినట్టు.

మూడో దృశ్యం: సూది ఆగి కెమెరా వచ్చిన చోటు

చివరి రెక్కలు తెరిచినప్పుడు చూసేవారు ఒక్కసారి ఉలిక్కిపడతారు. అక్కడ కుట్టుపని మధ్యలో ఉండదు. మనిషి నిలువెత్తు పరిమాణానికి పెంచి ముద్రించిన ఛాయాచిత్రాలు ఉంటాయి. ముగ్గురు అమ్మమ్మలు తమ మనవలతో, మనవరాళ్లతో కలిసి సూటిగా మన వైపు చూస్తూ ఉంటారు. ఫొటోలు తీసినది టాన్యా యుంగ్నికెల్ అనే ఛాయాగ్రాహకురాలు. ఇసెన్‌హైమ్‌లో ఈ స్థానంలో బంగారు పూత పూసిన పునీతుల చెక్క విగ్రహాలు ఉంటాయి. ఛాయాచిత్రాలకు రెండు వైపులా ఆ ఊరి ప్రకృతిని, నదినీ ఇసుక దిబ్బలనూ పూసలతో కూర్చారు. పూసలపని ఖోసా స్త్రీలకు తరతరాలుగా వచ్చిన విద్య.

రెండు దృశ్యాలు చేత్తో కుట్టినవారు మూడోదానికి యంత్రాన్ని ఎందుకు పిలిచారు? ఇది ఈ పాఠంలో ముఖ్యమైన ప్రశ్న.

సూది చేయగల పనులు కొన్ని ఉన్నాయి. కెమెరా ముందుకు రాలేని మృతుడిని అది తీసుకురాగలదు. ఎవరూ చూడని స్వర్గాన్ని చూపగలదు. ఒక ముఖాన్ని కుట్టడానికి రోజులు పడుతుంది. అన్ని రోజులూ కుట్టే మనిషి ఆ ముఖాన్ని తలుచుకుంటూనే ఉంటుంది. సంతాపానికి అటువంటి సమయం కావాలి. కాని కుట్టిన బొమ్మను చూసి దూరదేశపు ప్రేక్షకుడు అందంగా ఉంది అని వెళ్లిపోగలడు. కెమెరా అలా పోనివ్వదు. ఈ స్త్రీ నిజంగా ఉంది, ఈ పిల్లలు ఇప్పుడు బతికి ఉన్నారు, వీరికి రేపు అన్నం ఎవరు పెడతారు అని అది అడుగుతుంది. చనిపోయినవారిని సూది తలుచుకుంది, బతికి ఉన్నవారికి కెమెరా సాక్ష్యం చెప్పింది. చేతిపనినీ యంత్రపు బొమ్మనూ కలపడంలో ఉన్న బలం ఇదే. రెండూ ఒకదాని లోపాన్ని ఒకటి తీర్చుకున్నాయి.

ఆ అమ్మమ్మలను పునీతుల స్థానంలో నిలపడం అలంకారం కోసం కాదు. ఆ రోజులలో దక్షిణాఫ్రికా పల్లెలలో తల్లిదండ్రులు పోయిన పిల్లలను పెంచింది వారే. 60 ఏళ్లు దాటిన స్త్రీకి ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పింఛను మీద చాలా ఇళ్లు గడిచేవి. పిల్లలను పోగొట్టుకుని, మళ్లీ మొదటి నుంచి పసిపిల్లలను పెంచడం మొదలుపెట్టిన తరం అది.

ఇది ఎవరి కళ?

మీలో కొందరికి ఒక సందేహం వచ్చి ఉండాలి. ఆలోచన ఒక తెల్లజాతి వైద్యురాలిది. నమూనా ఐరోపాది. కుట్టినవారు పేద నల్లజాతి స్త్రీలు. మరి ఇది వారి చరిత్ర ఎలా అవుతుంది? సందేహం న్యాయమైనదే. వలస పాలన చూసిన మన దేశంలో పుట్టినవారు ఈ ప్రశ్న తప్పక అడగాలి.

సమాధానం గుడ్డలోనే వెతకాలి. నమూనా బయటి నుంచి వచ్చింది కాని దానిలో నింపినదంతా ఊరిది. ఏ వృద్ధురాలు పునీతురాలి స్థానంలో నిలబడాలో, వితంతువు దుస్తులు ఎలా ఉండాలో కోల్మార్ మ్యూజియం చెప్పలేదు. నొసేతి మకుబాలో వంటి స్థానిక కళాకారులు బొమ్మలు గీశారు. కుట్టిన స్త్రీలకు పనికి డబ్బు అందింది. ఆ ఊరిలో అది చాలా ఇళ్లకు ముఖ్యమైన ఆదాయం. అయినా ఒక అసమానత మిగిలే ఉంటుంది. ప్రదర్శనకు వచ్చినవారికి గుర్తుండేది ఒకరిద్దరి పేర్లే. 130 మంది పేర్లు ఎవరికీ గుర్తుండవు. శ్రీకాళహస్తి కలంకారి గురించి, చేర్యాల నకాషీ పటాల గురించి కూడా మనం ఇదే మాట చెప్పుకోవాలి. పటం మ్యూజియంలో ఉంటుంది. గీసిన మనిషి పేరు చాలాసార్లు ఉండదు. సామూహిక కళను మెచ్చుకునేటప్పుడు సమూహంలోని మనుషులు ఎవరని కూడా అడగడం మన బాధ్యత.

మందు ఎక్కడి నుంచి వచ్చింది?

ఇసెన్‌హైమ్‌కూ హాంబర్గ్‌కూ ఒక పెద్ద తేడా ఉంది. గ్రూనెవాల్డ్ రోగులకు ఓదార్పు ఎక్కువ, మందు తక్కువ. హాంబర్గ్‌లో ఫలకాలు తయారవుతున్న రోజులలోనే మందు రావడం మొదలయింది. హోఫ్‌మైర్ అక్కడ చికిత్సాకేంద్రం కూడా నడిపింది. లేవలేని స్థితిలో వచ్చినవారు కొందరు కొన్ని నెలలలో నడిచి ఇళ్లకు వెళ్లారు. రెండో దృశ్యంలోని ఆశకు ఈ ఆధారం ఉంది.

ఈ మందు కథలో మన దేశానికీ, మన ప్రాంతానికీ చోటు ఉంది. 2001 ఫిబ్రవరిలో ముంబైకి చెందిన సిప్లా కంపెనీ మూడు మందుల కలయికను ఏడాదికి 350 డాలర్లకే సేవాసంస్థకు ఇస్తానని ప్రకటించింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో, చవక మందుల చట్టంపై దక్షిణాఫ్రికా ప్రభుత్వం మీద 39 కంపెనీలు వేసిన దావాను వెనక్కి తీసుకున్నాయి. 2003 అక్టోబరులో క్లింటన్ ఫౌండేషన్ కుదిర్చిన ఒప్పందంతో ధర ఏడాదికి 140 డాలర్లలోపుకు దిగింది. ఆ ఒప్పందంలో ఉన్న కంపెనీలలో హైదరాబాదుకు చెందిన మేట్రిక్స్ లేబొరేటరీస్ ఒకటి. 2004 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికా ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలయింది. అదే నెలలో భారత ప్రభుత్వం కూడా వ్యాధి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాలలో ఉచిత చికిత్స ప్రారంభించింది. ఆ ఆరింటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఉంది. అంటే హాంబర్గ్ అమ్మమ్మల కథ మనకు దూరపు కథ కాదు. అటువంటి అమ్మమ్మలు మన జిల్లాలలోనూ ఉన్నారు. వారి గురించి ఇంత పెద్ద గుడ్డ ఎవరూ కుట్టలేదు, అంతే.

ఊరు దాటిన ఫలకాలు

2005 జూలైలో గ్రహమ్స్‌టౌన్ జాతీయ కళోత్సవంలో ఈ ఫలకాలను మొదటిసారి ప్రదర్శించారు. ఆ పట్టణాన్ని 2018 నుంచి మఖండా అని పిలుస్తున్నారు. 2006 ఆగస్టులో కెనడాలోని టొరంటోలో అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సు జరిగినప్పుడు అక్కడి సెయింట్ జేమ్స్ కథీడ్రల్‌లో వీటిని నిలిపారు. తరువాత షికాగో, లాస్ ఏంజెలిస్ వంటి అమెరికా నగరాలకు వెళ్లాయి.

అమెరికాలో అంతకు ముందే ఇటువంటి మరొక సామూహిక సృష్టి ఉంది. ఎయిడ్స్ స్మారక బొంత దాని పేరు. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో 1,920 ముక్కలతో దానిని మొదటిసారి పరిచారు. ఒక్కొక్క ముక్క 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు. ఒక సమాధి అంత. బంధువులు, స్నేహితులు చనిపోయినవారి చొక్కాలు, ఉత్తరాలు, ఫొటోలు కలిపి కుట్టారు. ఇప్పుడు అందులో సుమారు 50,000 ముక్కలు, లక్షకు పైగా పేర్లు ఉన్నాయి. బరువు 54 టన్నులు. అంత పెద్ద బొంతను ఒకచోట పరచడం దాదాపు అసాధ్యం. 1996 అక్టోబరు తరువాత దానిని మొత్తంగా పరచలేదు. అందుకే ముక్కలన్నిటినీ డిజిటల్ చిత్రాలుగా మార్చి, పేరుతో వెతికితే కనిపించేటట్టు చేశారు. నేల మీద పట్టని బొంత కంప్యూటరు తెర మీద పట్టింది. అయితే తెర మీద గుడ్డ గరుకుదనం తెలియదు, ఉతికిన చొక్కా వాసన తెలియదు. డిజిటల్ ప్రతి పేరును కాపాడుతుంది, స్పర్శను కాపాడలేదు. కాబట్టి రెండూ కావాలి.

ఆశ తరువాత

కథ 2005తో ముగిసిందనుకుంటే పొరపాటు. 2010లో అదే స్త్రీలు కైస్కమా గెర్నికా అనే మరొక పెద్ద ఫలకం తయారు చేశారు. 1937లో స్పెయిన్‌లోని గెర్నికా పట్టణం మీద జరిగిన బాంబుదాడిని పికాసో చిత్రించిన సంగతి మీరు చదివే ఉంటారు. హాంబర్గ్ స్త్రీలు అదే పరిమాణంలో, వాడిన దుప్పట్లు, పాత బట్టలు, తుప్పు పట్టిన తీగ, పూసలు కలిపి తమ ఫలకం కూర్చారు. ఇందులో రంగుల చెట్టు లేదు, పాటలు లేవు. మందులు ఉన్నా ఆసుపత్రులు సరిగా నడవక మనుషులు చనిపోతూ ఉంటే వచ్చిన కోపం అది. ఐదేళ్ల తేడాతో ఒకే ఊరు చేసిన ఈ రెండు పనులను పక్కపక్కన పెట్టి చదివితే ఆశ ఎలా పుడుతుందో, ఎలా దెబ్బతింటుందో తెలుస్తుంది. ఏ నివేదికా ఇంత స్పష్టంగా చెప్పదు.

తరువాత పరిస్థితి మెరుగయింది. దక్షిణాఫ్రికాలో ఈ మందులు వాడేవారు 50 లక్షలు దాటారు; ప్రపంచంలో అంత పెద్ద చికిత్సా కార్యక్రమం మరొకటి లేదు. 2005 ప్రాంతంలో 55 ఏళ్లకు లోపే ఉన్న సగటు ఆయుర్దాయం పదేళ్లలో 60 దాటింది. 2022, 2023 సంవత్సరాలలో జొహానెస్‌బర్గ్‌లోని కాన్‌స్టిట్యూషన్ హిల్‌లో కైస్కమా కళాకారుల పనులన్నిటినీ కలిపి ఒక పెద్ద ప్రదర్శన జరిగింది. ఒకప్పుడు జైలు ఉన్న ఆ ఆవరణలోనే రాజ్యాంగ న్యాయస్థానం ఉంది. 2002లో నెవిరపిన్ తీర్పు ఇచ్చిన న్యాయస్థానం అదే. అయినా ఏ విజయమూ శాశ్వతం కాదు. 2025 ఆరంభంలో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని నిలిపివేసినప్పుడు దక్షిణాఫ్రికాలోని అనేక ఎయిడ్స్ సేవలు దెబ్బతిన్నాయి.

మీరు చేయవలసిన పని

ఇటువంటి కళాఖండాన్ని ఆధారంగా చదివేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఎవరు చేశారు, ఎవరి డబ్బుతో చేశారు? ఏ పదార్థంతో చేశారు, ఆ పదార్థాన్నే ఎందుకు ఎంచుకున్నారు? పాత నమూనా నుంచి ఏమి తీసుకున్నారు, ఏమి మార్చారు? ఏమి చూపారు, ఏమి చూపలేదు? ఈ ప్రశ్నలు గుడ్డకూ వర్తిస్తాయి, రాగిశాసనానికీ వర్తిస్తాయి.

2020, 2021 సంవత్సరాలు మీకు గుర్తుండే ఉంటాయి. కోవిడ్ కాలపు అంకెలు ప్రభుత్వ దస్త్రాలలో ఉన్నాయి. కాని మీ వీధిలో ఎవరు పోయారు, పోయినవారి పిల్లలను ఎవరు పెంచుతున్నారు, ఆ రోజులలో ఎవరు ఎవరికి అన్నం పంపారు అన్న సంగతులు ఎక్కడ రాసి ఉన్నాయి? చాలావరకు మన ఫోన్లలో చెల్లాచెదురుగా ఉన్న ఫొటోలలో, పెద్దవాళ్ల జ్ఞాపకాలలో ఉన్నాయి. ఫోన్లు పాడవుతాయి, జ్ఞాపకాలు మసకబారుతాయి. హాంబర్గ్ స్త్రీలు పెద్ద చదువులు చదివినవారు కారు. వారి దగ్గర సూది, దారం, కొన్ని ఫొటోలు, చెప్పవలసిన మాట ఉన్నాయి. మీ దగ్గర అంతకన్నా ఎక్కువే ఉన్నాయి. మీ ఊరి పెద్దవారు ఉన్నప్పుడే వారిని అడగండి. విన్నది గుడ్డ మీద కుట్టినా, కాగితం మీద రాసినా సరే. పోయినవారి పేర్లతో పాటు మిగిలినవారి పేర్లు కూడా అందులో చేర్చండి.